గచి కనుమ దారి

మార్చి 4

ఇంటింటికీ బియ్యప్పిండి ముక్కలు పంచి వచ్చాం. ఎర్ర చిక్కుళ్ళు వేసి ఆవిరి మీద ఉడికించినవి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. కొత్తగా ఇంట్లో దిగినవాళ్ళు ఇవి పంచకపోతే ఊరు మొహం చూడదని అత్తగారు ఫోన్‌లో మరీ మరీ చెప్పింది. మా చిన్నాడు దాన్ ప్రతి గడప దగ్గరా నడుం విరిగేలా వంగి తన పేరు, తరగతి, తనకిష్టమైన డైనోసార్ పేరు చెప్పాడు. సోల్ నా కోటు వెనకే ఉండిపోయింది. మీ అక్కకి మాటలు రావా అని ఒకావిడ అడిగితే, ఇంట్లో వస్తాయి, బయట రావు అని వాడే చెప్పేశాడు. రెండో తరగతి వెధవ, వాడి నోటికి తాళం వెయ్యాలి.

కానీ ఉన్నమాటే. ఇంట్లో వసపిట్ట, గుమ్మం దాటితే రాయి. కిందటేడు తరగతిలో నిలబెట్టి చదవమంటే గొంతు పెగల్లేదు, పిల్లలంతా నవ్వారు. ఆనాటి నుంచి బయట ఎవరితోనూ ఒక్క మాట లేదు. సియోల్‌లో చూపించని డాక్టరు లేడు.

ఉద్యోగం కోసం సియోల్‌లోనే ఉండిపోయిన వాళ్ళ నాన్న పెట్టిన గడువు వేసవి సెలవుల దాకా. అప్పటికీ పిల్ల నోరు విప్పకపోతే మళ్ళీ సియోల్. సరే అన్నాను. అనకేం చేస్తాను, ఈ పల్లెటూరి బడిలో చేర్పిద్దామన్న ఆలోచన నాదే కదా.

నాకేం కంగారు లేదు.

మార్చి 9

ఇక్కడి ముసలమ్మలకి సొంత పేర్లు లేవు. ఉన్నాయేమో గానీ ఎవరూ పిలవరు. ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చిందో ఆ ఊరి పేరే ఆవిడ పేరు. మధ్యాహ్నం అందరూ ఊరి చావడిలో చేరి, కలిసి వండుకు తిని, పేకాడుకుంటారు. నన్ను చూడగానే 'సియోల్ పిల్ల' అని పేరు పెట్టేశారు. పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా ఇప్పుడే కాపురానికి వచ్చినట్టు సిగ్గేసింది.

వాళ్ళలో గయ్యాళి నొరుగోల్ అవ్వ. ఎనభై మూడేళ్ళు, బ్రహ్మచెవుడు. వినికిడి మిషన్ చెవిలో కాక జేబులో పెట్టుకుంటుంది, బ్యాటరీ అయిపోతుందట. నొరుగోల్ అంటే మా ఇంటి వెనక కొండకి అవతలి ఊరు. ఆవిడ పెళ్ళినాడు గచి కనుమ దాటి నడిచి వచ్చిందట. ఇప్పుడు కార్ల రోడ్డు కొండ చుట్టూ తిరిగిపోతుంది. కనుమ మీదుగా ఎవరూ నడవరు.

మార్చి 14

నిర్ణయించాను. ప్రతి శనివారం పిల్లలతో ఒక దారి. వాగు, టీ తోటలు, పాత నీటిమర, కొండ. కొత్త ఊరు కాళ్ళకి తెలిస్తేనే సొంతూరవుతుంది. ఊరు సొంతమైతే మాట అదే వస్తుంది. ఎంత తేలిక! ముందే ఎందుకు తట్టలేదో.

పన్నెండేళ్ళు ట్యూషన్ సెంటర్లో లెక్కలు చెప్పినదాన్ని, ఏర్పాట్లు నాకు కొత్త కాదు. దారికి ముందు చదవాల్సింది, దారిలో చూడాల్సింది, ఇంటికొచ్చాక రాయాల్సింది, అన్నీ రంగు రంగుల కాగితాల మీద అచ్చు వేశాను. రేపు ఒక్కదాన్నే వెళ్ళి దారంతా ముందుగా నడిచి వస్తాను.

మార్చి 16

మొదటి దారి, వాగు వెంట. చాలా బాగా జరిగింది. దాన్ ప్రశ్నలన్నిటికీ 'నీళ్ళు' అని ఒకే జవాబు రాశాడు. సోల్ అన్నీ చకచకా రాసి, ఒక్కటీ తప్పులేకుండా నా చేతికిచ్చింది. వాగు వైపు చూసినట్టు లేదు. చూసే ఉంటుంది.

మార్చి 23

వెళ్ళాం. బాగానే జరిగింది.

మార్చి 30

సోల్‌కి కడుపునొప్పి. వెళ్ళలేదు.

ఏప్రిల్ 6

మళ్ళీ కడుపునొప్పి. పాపం, నీళ్ళు పడలేదేమో.

ఏప్రిల్ 7

అక్కకి కడుపునొప్పి శనివారాలే వస్తుందమ్మా అన్నాడు దాన్, నూడుల్స్ జుర్రుకుంటూ. నేను సోల్ వైపు చూశాను. అది గిన్నెలోంచి తలెత్తకుండానే అంది:

"అమ్మా, ఇక్కడ కూడా ట్యూషనేనా?"

నేను కోప్పడలేదు. గిన్నెలు కడిగాను, బాగా చప్పుడు చేస్తూ. తరవాత ఆ రంగు కాగితాలన్నీ తీసి చించేశాను. సగం చించాను. మిగతా సగం బీరువాలో ఉన్నాయి, ఎప్పుడైనా పనికొస్తాయి.

ఏప్రిల్ 13

ఈ రోజు రాయకుండా ఉండలేను.

కాగితాల్లేకుండా వెళ్ళాం. నేను ముందుగా నడిచి చూడను కూడా లేదు. ఇంటి వెనక కొండ ఎక్కుతుంటే ఒక వాలు నిండా గొసారి, కూర వండుకునే కొండ ఫెర్న్! పిల్లల పిడికిళ్ళలా ముడుచుకున్న లేత కాడలు, నేలంతా అవే. సియోల్ మార్కెట్లో చిన్న కట్టకి ఎంత అడుగుతారో తలుచుకుంటే నాకు ఆవేశం వచ్చేసింది. కోశాం. కోస్తూనే ఉన్నాం. సోల్ కళ్ళు ఎంత చురుకో! నాకు ఆకులు కనిపించే చోట దానికి కాడలు కనబడతాయి. దాన్ గొసారిని మీసంగా పెట్టుకుని ఊరి పెద్దలా గొంతు మార్చి ప్రకటన చదివితే సోల్ పగలబడి నవ్వింది. ఆరుబయట, ఆకాశం కింద, నా కూతురు నవ్వింది!

మూడు సంచులు. ఉత్సాహం పట్టలేక ఒకటిన్నర సంచి తీసుకెళ్ళి చావడిలో ముసలమ్మలకి కానుకగా ఇచ్చాను. ఏమిటో, ఒక్కరూ ఏమీ అనలేదు. నొరుగోల్ అవ్వ ఒక కాడ తీసి, కోసిన చివర వేలితో తడిమి, ఎక్కడ కోశావని అడిగింది. గర్వంగా కొండ వైపు చూపించాను. ఆవిడ తల ఊపి పేకముక్కలు కలిపింది.

ఈ ఊరివాళ్ళు కాస్త బిడియస్తులు.

ఏప్రిల్ 14

పొద్దున్నే లౌడ్‌స్పీకరు. మా ఊరి పెద్ద బోన్-గిల్ గారి గొంతు, ముందు రెండు దగ్గులు, తరవాత ఇది, మాటకి మాట:

"ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళకి మనవి. కొండ మీద గొసారి దానంతటదే మొలిచినట్టు కనబడుద్ది గానీ, దుంపలు నాటి, కలుపు తీసి, మూడేళ్ళు కాపు కాసినవాళ్ళు ఉన్నారు. నేనెవరి పేరూ చెప్పను. అది మర్యాద కాదు." ఒక దగ్గు. "సోల్ వాళ్ళమ్మ గారు ఒకసారి చావడి దగ్గరికి రావాలి."

తల ఎక్కడ పెట్టుకోను? ఆ వాలు నొరుగోల్ అవ్వదట. ఆవిడ పంట దొంగిలించి, అందులో సగం ఆవిడకే బహుమతిగా ఇచ్చి, మెచ్చుకోలేదని నొచ్చుకున్నాను.

పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్ళి నేలకి తల ఆనించి క్షమాపణ అడిగాను. డబ్బు ఇవ్వబోతే ఆవిడ నా చేతిని కూరగాయ తొక్కలా పక్కకి తోసేసింది. మోకాళ్ళు పనిచెయ్యడం లేదు, ఇంకా బోలెడు కోత ఉంది, శనివారాలు మనిషి కావాలంది.

నేనొస్తానన్నాను.

"నువ్వొద్దు. నీకు కొయ్యడం రాదు, వేరు దాకా పీకేశావు. ఆ మాటల్లేని పిల్లని పంపు. దానికి మాట రాదు, నాకు వినబడదు. పోట్లాట ఉండదు."

సోల్ మొహంలో ఏదో కదిలింది. కోపమో, నవ్వో నాకు తెలియలేదు.

ఏప్రిల్ 20

పొద్దున నిద్ర లేపకుండానే లేచి, బూట్లు కట్టుకుని, ఒక్కతే వెళ్ళింది. కడుపునొప్పి ఊసే లేదు. నన్ను రావద్దంది.

నేను వెళ్ళింది చూడటానికి కాదు. గొడుగు ఇవ్వడానికి. ఎండగానే ఉంది, కానీ కొండ మీద వాన ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు. పైన్ చెట్ల వెనక కాసేపు నిలబడి, ఇవ్వకుండానే వచ్చేశాను. అవ్వ ఆపకుండా మాట్లాడుతోంది. సోల్ ఆపకుండా కోస్తోంది.

సాయంత్రం సోల్ ఇంట్లో ఒకటే చెప్పడం. అవ్వ పెళ్ళినాడు కనుమ దిగుతుంటే చెప్పు తెగిందట, వొట్టికాలితో అత్తారింటికి వచ్చిందట, ఆ దారి గొసారి వాలుకి పైనే మొదలవుతుందట. కానీ ఇప్పుడు దారి లేదంటుందట, పోయిందంటుందట. అమ్మా, దారి ఎక్కడికి పోతుంది?

ఏప్రిల్ 27

వంట మానేసి రాస్తున్నాను.

మళ్ళీ గొడుగు తీసుకుని వెళ్ళాను. పొలంలో ఇద్దరూ లేరు. పైకి వెళ్ళిన జాడ ఉంది, ఆ పోయిన దారిని వెతకడానికే కాబోలు. ఎక్కాను. వాలు పైన తాబేలులా పెద్ద రాయి, దానికి అటూ ఇటూ రెండు సన్నని కాలిబాటల్లాంటివి. అవ్వ కర్ర పొడుచుకుంటూ కుడి వైపు దిగుతోంది. అటు ఆకులు కప్పేసిన గొయ్యి ఉంది, పైనున్న నాకు కనబడుతోంది, వెనకున్న సోల్‌కీ కనబడింది. అది అవ్వ చొక్కా లాగింది. అవ్వ విదిలించుకుంది. మళ్ళీ లాగింది. నేను కేక పెట్టబోయాను.

"అవ్వా! అటు కాదు!"

ఆ కేక నాది కాదు.

"ఆఁ?" అంది అవ్వ, ఆగకుండానే.

"అటు కాదంటున్నా! గొయ్యి ఉంది! కాలు జారుద్ది నీకు!"

"కుడివైపే. నేను నడిచిన దారి నాకు తెలీదా?"

"ఎడమ! నీకు గుర్తు లేదు! నువ్వు తప్పు!"

అవ్వ అప్పుడు ఆగి, వెనక్కి తిరిగి, తీరిగ్గా అంది: "అరవకు. నాకేమన్నా చెవుడా?"

ఎనభై మూడేళ్ళ మనిషిని నువ్వు అంది. తప్పంది. ఊరి యాస కూడా పట్టేసింది. పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడాలో పదకొండేళ్ళుగా నేను నేర్పిన మర్యాదంతా గంగలో కలిసింది, నేను పొద వెనక గొడుగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇంత సంతోషం దాన్ పుట్టినప్పుడు కూడా కలగలేదు. వాడికి ఈ మాట చెప్పకూడదు.

ఏప్రిల్ 28

వాళ్ళ నాన్నకి ఫోన్‌లో చెప్పలేదు. చెపితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం.

మే 3

సోల్ వాళ్ళ పాంగ్ టీచర్‌ని కలిశాను. బడిలో మాత్రం ఇప్పటికీ మౌనమే. తల ఊపడం, రాసి చూపించడం.

ఉండబట్టలేక సోల్‌నే అడిగాను, అవ్వతో మాట్లాడేదానివి టీచర్‌తో ఎందుకు మాట్లాడవని. అడగకూడదని డాక్టర్లు చెప్పారు. అడిగేశాను. గట్టిగా చెప్పకపోతే అవ్వ పడిపోతుంది కదా అంది. టీచర్ పడిపోదు కదా.

మే 11

శనివారం. ఈసారి ముగ్గురం వెళ్ళాం, నన్ను రానిచ్చారు. సోల్ ముందు, దాన్ మధ్యలో, నేను వెనక. రాయికి ఎడమ వైపున ఆకులు తొలగిస్తే కింద దారి ఉంది! మెట్లలా పేర్చిన రాళ్ళు కూడా ఉన్నాయి. ఏ కాలం వాళ్ళు పేర్చారో. చాలా దూరం ఎక్కాం. కనుమ కనిపించేంత దగ్గరలో ముళ్ళకంప అడ్డం వచ్చింది, వెనక్కి తిరిగాం. ముగ్గురికీ చేతులు గీరుకుపోయాయి. దాన్ తన గాయాలన్నీ లెక్కపెట్టి చావడిలో చూపించాడు.

అవ్వకి సోల్ చెవిలో అరిచి చెప్పింది, ఎడమ వైపే దారి అని. అవ్వ ఒప్పుకోలేదు. దారి లేదు, ముసలిదాన్ని మభ్యపెట్టకు అంది. కానీ ఆ పూట పేకలో వరసగా ఓడిపోయింది. అది ఆవిడ అలవాటు కాదట.

మే 17

బడిలో వసంత విహారానికి ఎక్కడికి వెళ్దామని అడిగారట. ఉన్నది పట్టుమని పదిమంది పిల్లలు, ఏటా నది పక్క పార్కుకే వెళ్తారు. దాన్ లేచి నిలబడి మా అక్కకి గచి కనుమ దారి తెలుసని ప్రకటించాడు. అంతే, బడంతా కనుమ, కనుమ అని గోల. బోన్-గిల్ గారు ముళ్ళు నరికిస్తానని మాటిచ్చేశారు.

పాంగ్ టీచర్ మంచిదే గానీ మెత్తనిది కాదు. దారి చూసి వచ్చి, సోల్‌కీ నాకూ ఎదురుగా కూర్చుని చెప్పింది. ఏటవాలు దారి. ముందు నడిచేవాళ్ళు ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ జారుతుందో వెనక వాళ్ళకి కేకేసి చెప్పాలి. అలా చెప్పేవాళ్ళు ముందు లేకపోతే పిల్లల్ని తీసుకెళ్ళలేను, పార్కుకే పోదాం.

"చెప్తావా సోల్?"

సోల్ తల ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు. కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చుంది.

మే 19

ముళ్ళు నరికారు. సోల్ వాళ్ళకి వేలితో దారి చూపించింది. వేలితోనే.

మే 23

సెలవు పెట్టి వాళ్ళ నాన్న వచ్చాడు. సాయంత్రం కారు డిక్కీ తెరిస్తే అందులో మడిచిన అట్టపెట్టెలు, ఖాళీవి, కట్ట కట్టి ఉన్నాయి. ఏమిటివి అన్నాను. సియోల్ బడిలో సోల్‌కి చోటు ఉందన్నారట. సెలవులకింకా చాలా రోజులున్నాయి, ఈలోగా చలికోట్లూ దుప్పట్లూ పట్టుకుపోతే తేలిక కదా అన్నాడు, నా మొహం చూడకుండా. పిల్లలు లేక ఆయన చిక్కిపోయాడు. కోప్పడదామనుకున్నాను, కోపం రాలేదు. ఆ కట్ట ఇంట్లో పెట్టనివ్వకుండా కారులోనే ఉంచమన్నాను.

సోల్ ఆ పెట్టెలు చూసింది.

పదిమంది పిల్లలకి ముప్ఫైమంది తినేంత అన్నం నాచు రేకుల్లో పెట్టి కింబాప్ చుట్టాను. నాకేం కంగారు లేదు.

మే 24

రేపు రాస్తే ఈ వేడి పోతుంది. ఇప్పుడే రాయాలి.

బడి ముందు వరస కట్టారు. సోల్ నడిచి వెళ్ళి అందరికన్నా ముందు నిలబడింది. పాంగ్ టీచర్ దాని మొహం ఒకసారి చూసి, సరే పదండి అంది. నన్నూ వాళ్ళ నాన్ననీ మందుల సంచి ఇచ్చి వరస చివర ఉండమన్నారు. ఆయన ఆఫీసు బూట్లతో వచ్చాడు. గొసారి వాలు దగ్గరికే చెమటలు కారిపోతున్నాయి.

తాబేలు రాయి దగ్గర వరస ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. దాని పైన రాతి మెట్ల మొదట్లో ఒక మెట్టు కదులుతుంది, మేము వెళ్ళినప్పుడు నేను పడబోయాను. ఇక్కడ చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి. ముందు వాళ్ళు మలుపు తిరిగారు, మాకేమీ కనబడటం లేదు. పిల్లలు గుసగుసలాడటం కూడా ఆపేశారు. నేను మందుల సంచి గుండెకి హత్తుకున్నాను. పార్కుకి వెళ్ళినా బాగుండేది కదా, అక్కడ ఉయ్యాలలు కూడా ఉన్నాయి, ఎందుకొచ్చిన కనుమ అనుకున్నాను. నిజం, అలాగే అనుకున్నాను.

"రాయి కదులుద్ది! ఎడమ కాలు వెయ్యకండి!"

కొండకి తగిలి ఆ గొంతు మా దాకా వచ్చింది. తరవాత పిల్లలు ఒకరి తరవాత ఒకరు అందుకున్నారు. రాయి కదులుద్ది, ఎడమ కాలు వద్దు, రాయి కదులుద్ది. చివరికి మా ముందున్న దాన్ వెనక్కి తిరిగి, ఎడమ కాలంటే ఏదో మా ఇద్దరికీ చూపించి మరీ చెప్పాడు.

వాళ్ళ నాన్న చెమట తుడుచుకుంటూ మెచ్చుకోలుగా అన్నాడు: "ముందున్నదెవరు? ఈ ఊరి పిల్లా? గొంతు భలే ఉందే."

ఎక్కి చూడమని చెయ్యి చూపించాను.

ఎక్కాడు. మలుపు తిరిగాడు. మెట్ల పక్క గట్టు మీద సోల్ నిలబడి ఉంది, జుట్టు రేగిపోయి, మొహం ఎర్రబడి. చెయ్యి అందించి ఒక్కొక్క పిల్లని దాటిస్తోంది, పేరు పెట్టి మరీ తిడుతోంది. నీ బూటు తాడు కట్టుకో, నువ్వు తొయ్యకు, నిన్నే, వెనక్కి చూడకు. ఆయన అక్కడే కొయ్యలా నిలబడిపోయాడు.

"మన సోలా?" అన్నాడు నాతో. తన కూతురి గొంతు తండ్రి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేంత పెద్దగా ఎప్పుడు విన్నాడు గనక.

"నాన్నా! మధ్యలో ఆగకు! వెనక అమ్మ ఉంది!"

ఆగలేదు. ఎడమ కాలు జాగ్రత్తగా ఎత్తిపట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, పదకొండేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని దాటాడు. నేనూ దాటాను. దాని అరచేయి చెమటతో తడిసిపోయి వణుకుతోంది. భయపడుతూనే అరుస్తోంది నా తల్లి. భయం పోయాక కాదు, భయంతోనే.

కనుమ మీద గాలి. కనుమ దాటేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం అందరూ తలా ఒక రాయి అక్కడి పాత రాళ్ళ కుప్ప మీద వేశారు, కింబాప్ మొత్తం అక్కడే అయిపోయింది. అవతలి వైపు దిగితే నొరుగోల్. ఊరి మొదట్లో, బోన్-గిల్ గారి ట్రక్కు పక్కన, నొరుగోల్ అవ్వ కూర్చుని ఉంది. పండగ చొక్కా వేసుకుంది. వినికిడి మిషన్ చెవిలో పెట్టుకుంది! కొండ మీద నుంచి పదిమంది పిల్లలు దిగి వస్తుంటే లేచి నిలబడటానికి ప్రయత్నించి, మోకాళ్ళు సహకరించక, కర్ర ఊపింది. పెళ్ళినాడు తను ఎక్కి వెళ్ళిన దారిన, ఇన్నేళ్ళకి మనుషులు దిగి రావడం చూసింది ఆవిడ.

దగ్గరికి రాగానే అడిగింది మాత్రం ఇది: ఎటు నించి వచ్చారు?

సోల్ అలవాటు కొద్దీ ఆవిడ చెవిలో ఊరంతా వినేలా అరిచింది. "ఎడమ నించే! రాయికి ఎడమే, అవ్వా!"

మిషన్ కీచుమంది. అవ్వ చెవి మూసుకుని, కాసేపు కొండ వైపు చూసి, "చెట్లు జరిగుంటాయి" అంది.

పిల్లలంతా నవ్వారు, సోల్‌తో సహా. అవ్వ దాని చెయ్యి పట్టుకుని వదల్లేదు. అలాగే కుంటుకుంటూ పుట్టింటి వీధిలోకి తీసుకెళ్ళింది, కనబడినవాళ్ళందరికీ చూపిస్తూ. ఇది నా మాటల్లేని పిల్ల, దీని నోరు మూయించడం ఎవరి తరం కాదు అని చెప్తూ.

మే 26

వాళ్ళ నాన్న వెళ్ళాడు.

నిన్నంతా ఆయన పెట్టెల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పొద్దున చావడి ముసలమ్మలు కారు చుట్టూ చేరారు. ఊరికి వచ్చిన అల్లుణ్ణి వట్టి చేతులతో పంపితే మాకు నామోషీ అన్నారు. డిక్కీలో ఖాళీ పెట్టెలు చూసి, తెలివైనవాడు, ముందే తెచ్చుకున్నాడని మెచ్చుకున్నారు. ఆయన నోరు తెరిచి, నా వైపు చూసి, మూసుకున్నాడు. వెల్లుల్లి ఒకదాంట్లో, ఉల్లిపాయలు రెండిట్లో, సోయా ముద్ద, పచ్చి రేగుపళ్ళు, అవ్వ ఎండబెట్టిన గొసారి. సోల్ పక్కన నిలబడి, బరువైనవి కింద, మెత్తనివి పైన అని అందరి మీదా పెత్తనం చేసింది. ఆయన కిక్కురుమనకుండా చెప్పినచోట చెప్పినట్టు సర్దాడు. వచ్చే శనివారం బూట్లు మార్చుకుని వస్తానని కూతురికి చెప్పి కారెక్కాడు.

డిక్కీ మూత పడక తాడేసి కట్టాల్సి వచ్చింది. పెట్టెలన్నీ నిండాయి. మా ఇంటి సామాను అందులో ఒక్కటీ లేదు.